వంతు ఇంటిది

హోసూరు
18-6-1978

అక్కకు కేశవప్ప రాసేది.

నీ నెయ్యి డబ్బా చేరింది. కండక్టరు దాన్ని ఇంజను పక్కన పెట్టినట్టుంది. కరిగి, మూత సందులోంచి కారి, నీ ఉత్తరం సగం నెయ్యి తాగింది. అందుకని నువ్వు తిట్టిన తిట్లలో సగమే నాకు అందినాయి. తక్కినవి మళ్ళీ రాసి పంపు.

ఇవాళ ఆదివారం. పొద్దుటినుంచి వాన. ఇట్లా వాన పట్టుకుంటే నాకు మన అడవి పట్టి గుర్తుకొస్తుంది. చేలల్లో విత్తనం పడగానే ఊరి ఆవులన్నీ కొండమీదికి తోలి, ముళ్ళకంప దొడ్డిలో ఆర్నెల్లు ఉంచేవాళ్ళం కదా. ఆ తడి పేడ వాసన, దోమలకని నాయన పచ్చాకు వేసి పెట్టే పొగ, నువ్వు మూడు రాళ్ళ పొయ్యిమీద కాల్చే రాగి రొట్టె. ఈ రూములో కిరసనాయిలు స్టవ్వు వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఫ్యాక్టరీ పని అట్లే ఉంది. నాది ప్రెస్సు మీద పని. ఒకడు ఇనుప రేకు పెడతాడు, ఇంకొకడు పెడలు తొక్కుతాడు. పైనుంచి బరువు దిగి రేకు వంగుతుంది. నేను తొక్కేవాణ్ణి. పెట్టేవాడు కల్లావి ఊరి అచ్చెన్న. నీకు తెలుసు, పోయిన ఏడు నాతో వచ్చి మూడు ముద్దల సంగటి తిని, నాలుగోదానికి సిగ్గుపడినాడే, వాడే. ఫిబ్రవరిలో ఊరికి పోయినాడు. ఇంకా రాలేదు. ఇప్పుడు ఎవరెవరో పెడుతున్నారు.

పొద్దు పోక సాయంత్రాలు అత్తిబెలెకు పోతున్నా. సరిహద్దు దాటితే కర్ణాటకే, బస్సులో పావుగంట. ఆ పక్క గాలి బాగుంటుంది.

పెళ్ళి మాట ఇప్పుడు ఎత్తవద్దు. బావను అడిగినానని చెప్పు.

నీ తమ్ముడు
కేశవప్ప


అంచెట్టి
2-7-1978

తమ్ముడు కేశవప్పకు పాపక్క ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాసేది.

అక్షరాలు వంకరగా ఉంటే నేర్పిన అయ్యవారిని తిట్టుకో. ఆ అయ్యవారు నువ్వే. నువ్వు హాస్టలు నుంచి సెలవులకు వచ్చి, పట్టి దగ్గర బండమీద బొగ్గుతో అ, ఆ రాస్తే నేను దిద్దేదాన్ని. వాన వచ్చి కడిగేస్తే మళ్ళీ రాసేవాడివి. ‘ఱ’ దగ్గరికి వచ్చేసరికి నీ సెలవులు అయిపోయినాయి. అందుకే ఇప్పటికీ అది నాకు రాదు. దాని అవసరం కూడా పడలేదులే.

ఇంక అసలు సంగతికి వస్తా. అంచెట్టి కొండలో పుట్టినోడు గాలి కోసం బస్సెక్కి అత్తిబెలెకు పోయినాడంట! చెవిలో పూలు పెట్టుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళకు చెప్పు. ఎవరప్పా ఆ పిల్ల? మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపించినా. అత్తిబెలె అనంగానే ఆయనకు మజ్జిగ పొలమారింది. ఏమంటే ఏమీ లేదని ఆవును చూసేదానికి లేచిపోయినాడు. ఆవు కట్టేసినచోటే ఉండాది. మీ మగోళ్ళందరికీ తెలిసిన రహస్యం ఏదో నాకు ఒక్కదానికే తెలీదు.

అవునో కాదో నాకు తెలీదు కానీ, నేను మాత్రం కృష్ణగిరి ఆదెప్పన్నకు మాటిచ్చేసినా. మామిడికాయల వ్యాపారం చేసే ఆదెప్పన్న, నాయనకు దగ్గరోడు. వాళ్ళ పెద్దపిల్ల ఓర్పుగల పిల్ల. పిల్లను చూసేది ఆగస్టు పదమూడు ఆదివారం. నువ్వు హోసూరు నుంచి నేరుగా కృష్ణగిరికి వచ్చేయి. తలకు నూనె పెట్టుకొని రా.

మీ బావ మాట: అత్తిబెలె గాలి ఎక్కువ పీల్చొద్దంట.

నీ అక్క
పాపక్క


హోసూరు
20-8-1978

అక్కకు,

నేను కృష్ణగిరికి రాలేదు. షిఫ్టు పడిందని రాద్దామని కూర్చున్నా. అబద్ధం రాయడానికి చేయి రాలేదు. బస్టాండు దాకా పోయినాను, కృష్ణగిరి బస్సు కదిలిపోయేదాకా చూస్తూ నిలబడినాను, వెనక్కి వచ్చినాను. ఆదెప్పన్నకు నా తరపున క్షమాపణ చెప్పు.

అత్తిబెలెలో పిల్ల ఎవరూ లేరు. దాని గురించి ఇంకేమీ అడగొద్దు.

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పట్టినప్పుడు ప్రెస్సు చప్పుడు వినిపించి మెలకువ వస్తుంది. ఈ మధ్య మన చుక్క పెయ్య తెగ గుర్తుకొస్తోంది. నొసట తెల్లమచ్చ ఉండేదే, అది. నాకు పదేండ్లు. పట్టికి కిందివైపు కాపలా నాది. నేను ఆకుతో పీపీ చేసుకుంటూ కూర్చుంటే పెయ్య వాగులోకి దిగింది, చిరుత కొట్టింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. నాయన నన్ను కొట్టినాడా? నీకు గుర్తుంటే రాయి. ఊరికే అడుగుతున్నా.

కేశవప్ప


అంచెట్టి
3-9-1978

కేశవప్పకు,

ఆదెప్పన్న ఇంట్లో ఒబ్బట్లు చేసి, ఆకులు పరిచి, మూడు గంటలదాకా కూర్చున్నారు. నేను వాళ్ళ ముఖం చూడలేక గోడమీద క్యాలెండరు చూస్తా కూర్చున్నా. ఆ నెల తేదీలన్నీ నాకు కంఠతా వచ్చినాయి.

పిల్ల లేదని రాసినావు. దాని గురించి అడగొద్దనీ రాసినావు. లేనిదాని గురించి అడగొద్దని ఎవరన్నా అంటారా? నాకు అర్థమైంది. కన్నడం పిల్ల, వేరే కులం, అంతే కదా. నేను రెండు రోజులు ఏడ్చినా, మూడోరోజు ముఖం కడుక్కున్నా. ఎవరైతే ఏమి, నా తమ్ముడికి వేడిగా ఇంత కూడు పెట్టి, నిద్రపోయినాడా లేదా అని చూస్తే చాలు. డజను ఎర్రగాజులు, నేను ఒక్కసారే కట్టిన ఆకుపచ్చ చీర మూటగట్టి బస్సులో పంపినా. ఆ పిల్లకియ్యి. గాజులు పట్టకపోతే సైజు రాయి.

చుక్క పెయ్య సంగతి అడిగినావు. నాయన నిన్ను కొట్టలేదు. ఊరోళ్ళంతా ‘వానికి కాపలా వంతు ఇయ్యొద్దు, పిల్లకాయ, ఇంకోటి పోగొడతాడు’ అన్నారు. నువ్వు రెండు రోజులు కంబళి కప్పుకొని లేవలేదు. ఆ రెండు రోజులు నీ జాగాలో మీ బావ నిలబడినాడు. నా పెండ్లయి అప్పటికి నెల కూడా కాలేదు. వంతు ఇంటిది, మనిషిది కాదు, ఒకరు పడిపోతే ఇంట్లో ఇంకొకరు నిలబడాల అని మన పట్టి కట్టుబాటు కదా. మూడోనాడు నాయన నిన్ను లేపి, అదే కర్ర చేతికిచ్చి, అదే కిందివైపుకు పంపినాడు. ఊరోళ్ళు అడిగితే, ‘పోగొట్టినోనికే తెలుసు, పశువు యాడ జారుతుందో’ అన్నాడు. ఆ తర్వాత నీ వంతులో ఒక్క దూడ పోలేదు.

మీ బావ మాట: ఏమీ లేదంట. ఆయన ఏమీ లేదంటే ఏదో ఉన్నట్టే.

పాపక్క


హోసూరు
15-10-1978

అక్కా,

నీ గాజులు నా కిటికీలో ఉన్నాయి. పొద్దున ఎండ పడితే గోడంతా ఎర్రగా అవుతుంది. వాటిని చూడలేక ఈ ఉత్తరం రాస్తున్నా.

అత్తిబెలెలో పిల్ల లేదు. సారాయి కొట్టు ఉంది. మన తమిళనాట కొట్లు మూసేసి నాలుగేళ్ళయింది కదా. హోసూరులో తాగేవాళ్ళంతా సాయంత్రం బస్సెక్కి సరిహద్దు దాటుతారు. బావకు మజ్జిగ ఎందుకు పొలమారిందో ఇప్పుడు నీకు తెలిసిందా? నీ చీర, నీ గాజులు చూసి నాకు దుఃఖం ఆగలేదు. నువ్వు నాకు ఒక సంసారాన్నే మూటగట్టి పంపినావు. నేను ఆ మూట విప్పినప్పుడు కూడా తాగే ఉన్నాను.

ఫిబ్రవరిలో అచ్చెన్న రేకు పెట్టినాడు, నేను తొక్కినాను. వాడి చేయి ఇంకా లోపలే ఉంది. కుడిచేతి వేళ్ళు రెండు పోయినాయి. నా తప్పు కాదని అందరూ అన్నారు, ఆఫీసు కాగితంలోనూ అట్లే రాసినారు. ఆ కాగితం సంగతి నా కాలికి తెలీదక్కా. పెడలు మీద పెట్టగానే తొడదాకా వణుకు. రెండు గ్లాసులు పడితే ఆగేది. తర్వాత మూడు పడితే గానీ ఆగలేదు. ఇప్పుడు పొద్దున లేస్తూనే కావాలి. తలుపు వేసుకొని మంచంమీద కూర్చుంటే ఏడుపొస్తుంది, ఎందుకో తెలీదు. మనుషులను చూస్తే భయం. ఒకరోజు ఇట్లా బతికి ఏం లాభం అనిపించింది. ఆ ఆలోచనకు నాకే భయమేసి రూముకు పరుగెత్తుకొచ్చినా.

రెండుసార్లు తాగి పనిలోకి పోయినా. ఆ తర్వాత పోవడమే మానేసినా. నోటీసు వచ్చింది. ఈ నెలాఖరులోపల నా జాగాలో నిలబడకపోతే పేరు కొట్టేస్తారంట. నేను నిలబడలేను. ఊళ్ళో మొదటి ఫ్యాక్టరీ ఉద్యోగం అని నువ్వు ఊరంతా చక్కెర పంచినావు. ఆ ఉద్యోగం ఇంక పదిహేను రోజులే.

నిన్ను ఏమీ అడగడం లేదు. రావద్దు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక చెప్పినా.

కేశవప్ప


అంచెట్టి
19-10-1978

కేశవా,

చదివినా. తిట్టేది తర్వాత, ఏడ్చేది అంతకన్నా తర్వాత. ముందు పని చెప్తా.

జాగా ఖాళీగా ఉంటే పేరు కొట్టేస్తారన్నావు. ఖాళీగా ఎందుకుంటుంది? మనింట్లో మనుషులు లేరా? రేపటి పొద్దున బస్సుకు మీ బావను పంపిస్తా ఉండా. నీకు నయమయ్యేదాకా నీ జాగాలో ఆయన నిలబడతాడు. తొక్కే పనే కదా. ఇరవై ఏండ్లు నాగలి పట్టినోడు, చూపిస్తే ఒక పెడలు తొక్కలేడా? కంబళి, కర్ర, పది రోజులకు రాగి పిండి కట్టిచ్చినా. నీ రూముకొచ్చి నీకు భారం కావద్దని, నేరుగా ఫ్యాక్టరీకే పొమ్మని చెప్పినా.

నువ్వు తలుపు తీసి పెట్టుకో. ఒకపూటన్నా సంగటి తిను.

మీ బావ మాట ఈసారి లేదు, ఆయనే వస్తా ఉండాడు.

అక్క


హోసూరు
1-11-1978

ఏం చేసినావు నువ్వు?

ఇది ఫ్యాక్టరీ, పట్టి కాదు. ఈడ వంతులు ఇండ్లవి కావు. మనిషికి నంబరు ఉంటుంది, కార్డు ఉంటుంది, దానిమీద వాడి ఫోటో ఉంటుంది. బావ మూడు రోజులు గేటు ముందు నిలబడినాడు. మాసిన కంబళి, చేతిలో ఆవుల కర్ర, చంకలో రాగి పిండి మూట. ఎవరు కావాలని వాచ్‌మన్ అడిగితే, ‘ఎవురూ వద్దప్పా. కేశవప్ప వంతుకు వచ్చినాను. జాగా యాడో చూపించు’ అన్నాడంట. షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు గుంపుగా నిలబడి చూసి నవ్వినారంట. వంతు కేశవప్ప అని నాకు పేరు పెట్టినారు. మూడోనాడు వాన పడింది, అయినా కదల్లేదంట.

ఉద్యోగం పోతే పోయేది. మానంతో పోయేది. అదీ లేకుండా చేసినావు. నేను ఇంక ఈ ఊళ్ళో తలెత్తి తిరగలేను. నాకు ఉత్తరాలు రాయొద్దు.

కేశవప్ప


అంచెట్టి
12-11-1978

కేశవప్పకు,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాసి ఆపేస్తా.

మాసిన కంబళి అని రాసినావు. నీకు తొమ్మిదేండ్లప్పుడు జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోతుంటే, పట్టి నుంచి అంచెట్టి దాకా మీ బావ నిన్ను చుట్టి భుజాన వేసుకొచ్చింది ఆ కంబళిలోనే. అప్పటికి నేను ఆయన పెండ్లాన్ని కూడా కాదు, పక్కింటి పిల్లను. ఆ మోత చూసే నాయన నన్ను ఆయనకిచ్చినాడు. నువ్వు దాంట్లోనే వాంతి చేసుకున్నావు. ఆయన నిన్ను చూసి ఎప్పుడూ సిగ్గుపడలేదు.

నాకు తెలీదు, సరే. నంబరు, కార్డు, ఫోటో నాకు ఎవరు చెప్పినారు? జాగా ఖాళీ అని నువ్వు రాస్తే, నిండితే చాలనుకున్నా. మాకు తెలిసింది అదొక్కటే. తప్పైతే తప్పే.

మీ బావ తడిసి వచ్చి వారం జ్వరంతో పడుకున్నాడు. ఎవరన్నా ఏమన్నా అన్నారా అంటే చెప్పడు. మూడోనాడు వానలో కండ్లద్దాల మనిషి ఎవరో గొడుగేసుకొని గేటు బయటికి వచ్చి, పక్కన నిలబడి, ఎందుకొచ్చినావని అడిగినాడంట. ఈయన చుక్క పెయ్య కథంతా చెప్పినాడంట. ఇంట్లో నాలుగు మాటలాడని మనిషి! ఆ మనిషి విని, లోపలికి పోయినాడంట. గేటు మాత్రం తెరవలేదు.

ఉద్యోగం ఉన్నా, ఊడినా, తాగినా, మానినా నువ్వు నా తమ్ముడివే. కానీ నీ ఉత్తరం వచ్చేదాకా నేను రాయను. నాకూ రోషముండాది.

మీ బావ మాట: నిలబడినా, అంతే, దాంట్లో ఏముండాది అంట.

పాపక్క


కృష్ణగిరి
4-3-1979

అక్కకు,

నాలుగు నెలలు. రోజూ రాద్దామనే అనుకున్నా. కృష్ణగిరి బస్టాండులో కూర్చుని రాస్తున్నా, బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

మొదట ఒకటి చెప్పాలి, లేకపోతే తక్కినవి రాయలేను. బావను మూడోనాడు నేను చూసినా. ఎవరో చెప్పినారని పోయి, రోడ్డు అవతల టీ కొట్టు చాటున నిలబడినా. వానలో ఆయన కర్రమీద రెండు చేతులూ పెట్టి, పట్టిలో నిలబడినట్టే నిలబడి ఉన్నాడు. నేను పలకరించలేదు. తాగి ఉన్నానని, నవ్వుతారని. అత్తిబెలె బస్సెక్కి పోయినా. నీకు రాసిన కోపమంతా నామీద కోపమే.

ఆ కండ్లద్దాల మనిషి, మనుషులను పెట్టుకునేదీ తీసేసేదీ చూసే మా పర్సనెల్ ఆఫీసరు ఈశ్వరప్రసాద్ సారు. నీ ఉత్తరం వచ్చిన వారానికి పిలిపించినాడు. పేరు కొట్టేసిన కాగితం ఇస్తాడని పోయినా. ఆయన కూర్చోమన్నాడు. ‘మనిషిని తీసేస్తే వాళ్ళ ఇంటివాళ్ళు రావడం మామూలే కేశవప్పా. బతిమాలేదానికి వస్తారు, తిట్టేదానికి వస్తారు. పని చేసేదానికి వచ్చినోణ్ణి ఇప్పుడే చూసినా’ అన్నాడు. చుక్క పెయ్య గురించి అడిగినాడు. చెప్పబోయి ఏడ్చినా. ఆయన ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు.

బెంగుళూరులో పెద్దాసుపత్రికి ఆయనే చీటీ రాసి పంపినాడు. అక్కడ ఏడు వారాలు ఉన్నా. మొదటి పదిరోజులు చెప్పుకునేటట్టు లేవు. తర్వాత డాక్టరమ్మ ఒకామె రోజూ కూర్చోబెట్టి మాట్లాడించేది. ఇది పొగరు కాదు, జబ్బు అని మొదట చెప్పింది ఆమే. అచ్చెన్న దగ్గరికి పోయినావా అని మొదటిరోజే అడిగింది. పోలేదన్నా. మళ్ళీ మళ్ళీ అదే అడిగేది.

ఇవాళ పోయినా. సామల్పట్టిలో రైలు దిగి, కల్లావికి నడిచినా. అచ్చెన్న మేకలకు ఆకు కొడుతున్నాడు, ఎడమచేత్తో. నన్ను చూసి కొడవలి కింద పెట్టలేదు. కాలు తొక్కిందిరా, నేను తొక్కలేదు అని ఏదో అన్నా. వాడు చాలాసేపు ఆకు కొట్టి, అప్పుడన్నాడు: ‘వేళ్ళు పోయినందుకు నాకు నీమీద కోపం లేదప్పా. రేకు జారింది, నేనే చెయ్యి పెట్టినాను. సంవత్సరం అయింది. ఎవురెవురో వచ్చినారు. నువ్వు రాలేదు.’

తర్వాత వాళ్ళమ్మ సంగటి పెట్టింది. వాడు మూడు ముద్దలు తిన్నాడు. నేను రెండు తిన్నా. ఏడాదిలో రెండో ముద్ద అడిగి తిన్నది ఇవాళే.

ఉద్యోగం ఇంకా ఉంది, సన్నటి దారం మీద. ప్రెస్సు కాదు, స్టోర్సులో పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే పని. ఒక కాగితం మీద సంతకం పెట్టినా. ఏడాదిదాకా తాగి వచ్చినా, ఒక్కరోజు రాకపోయినా, ఇంక మాటల్లేవు. అందుకని ఈ ఏడు ఊరికి రాలేను. తాగాలని రోజూ అనిపిస్తుంది. అత్తిబెలె బస్సు వచ్చే వేళకు రూములో గిన్నెలు తోముకుంటున్నా. గిన్నెలు తళతళలాడుతున్నాయి.

గాజులు కిటికీలోనే ఉన్నాయి. సైజు ఇప్పుడే చెప్పలేను.

నీ తమ్ముడు
కేశవప్ప

బావకు నేను ఏమని రాయాలో నాకు తెలీడం లేదు.


అంచెట్టి
27-5-1979

తమ్ముడు కేశవప్పకు,

నీ జాబులన్నీ చేరినాయి. నువ్వు బాగుండావని సంతోషం. ఈడ అందరమూ బాగుండాము. వాన ముందే పడింది. విత్తనాలు వేసినారు. ఆవులు కొండకు పోయినాయి.

నువ్వు ఉద్యోగం జాగ్రత్తగా చూసుకో. ఒక్కరోజు కూడా మానొద్దు. ఊరి దిక్కు రావాలని అనుకోవద్దు. ఈడ నీతో పనేమీ లేదు.

నీ అక్క
పాపక్క


హోసూరు
8-6-1979

అక్కకు,

నీ ఉత్తరం చూసి నాకు భయమేసింది. దాంట్లో ఒక్క తిట్టు లేదు. అక్షరాలు కూడా వంకర లేవు, ఒత్తి ఒత్తి రాసినావు. కింద బావ మాట లేదు. ఈ ఏడాదిలో ఆయన మాట లేకుండా నీ ఉత్తరం వచ్చింది ఒక్కసారే, అదీ ఆయనే బయలుదేరినప్పుడు.

అంచెట్టి బస్సు వచ్చేదాకా బస్టాండులో కాచుకొని కండక్టరును అడిగినా. వాగులో జారి బావ కాలు విరిగిందనీ, వెదురు బద్దలు వేసి కట్టు కట్టినారనీ, లేచి తిరగడానికి రెండు నెలలు పడుతుందనీ చెప్పినాడు. మీ ఇంటి పట్టి వంతు పదకొండో తేదీ సోమవారం మొదలని, ఎనిమిది రోజులని, ఆ ఎనిమిది రోజులూ నువ్వే కొండెక్కుతానన్నావని కూడా చెప్పినాడు. నా కాగితం గుర్తుపెట్టుకొని నాకు చెప్పకుండా దాచినావు కదా. మనింట్లో మనుషులు లేరా అని నన్ను అడిగినదానివి నువ్వే.

నిన్న సారు దగ్గరికి పోయినా. ఎనిమిది రోజులు సెలవు కావాలని రాసిచ్చినా. కారణం అని ఉన్నచోట ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, ఉన్నదే రాసినా: ‘మా బావ వంతుకు నిలబడుటకు.’

సారు చదివినాడు. మళ్ళీ చదివినాడు. నేను సంతకం పెట్టిన ఆ పాత కాగితం సొరుగులోంచి తీసి పక్కన పెట్టుకున్నాడు. గుర్తుందా అన్నాడు. ఉందన్నా. తీసేస్తే ఏం చేస్తావు అన్నాడు. ‘తీసేసినా పోవాల సార్. ఆయన నిలబడినప్పుడు నేను చాటున ఉన్నా’ అన్నా. కాళ్ళు వణికినాయి. కానీ ఇది పెడలు వణుకు కాదు.

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఒకటే అడిగినాడు, ‘ఈ ఎనిమిది రోజులు నీ జాగాలో ఎవరు?’ అని.

కిటికీలోంచి చూపించినా. గేటు బయట అచ్చెన్న నిలబడి ఉన్నాడు, చంకలో రాగి పిండి మూటతో. వాడికి ఉత్తరం రాస్తే రాత్రికి రాత్రి వచ్చేసినాడు. పనిముట్లు ఇచ్చి పుచ్చుకోవడానికి మూడు వేళ్ళు చాలంటాడు.

సారు నవ్వలేదు. సెలవు కాగితం మీద ఏం రాసినాడో నాకు కనిపించలేదు. గంట కొట్టి, మనిషిని పిలిచి, గేటు తెరవమన్నాడు.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నా. నువ్వు కొండెక్కొద్దు. బావను కదలొద్దని చెప్పు. కిందివైపు నాది, ఆవు యాడ జారుతుందో నాకు తెలుసు.

బావ కంబళి తీసి పెట్టు. ఉతకొద్దు.

నీ తమ్ముడు
కేశవప్ప